పాలకుని యెదుట పలికిన మాట

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణపుటంచున, అరియాంకుప్పము ఏఱు సముద్రమును గలియబోవుచు పాయలై, మడయడవుల నడుమ మందగించి పాఱుచోట తేంగాయితిట్టు అను పేట కలదు. నేడది చేపల పడవల రేవు. ఏటి కావలనున్న అరియాంకుప్పపు కోటకొఱకు 1748వ సంవత్సరము ఆగస్టు మాసమున ఆంగ్లేయ నౌకాధిపతి బోస్కవెన్ సేనలును, డూప్లే గవర్నరుగా నున్న ఫ్రెంచివారి సేనలును ఘోరముగా పోరినవి. తుపాకిమందు ప్రేలి కోట నిలువరానిదికాగా ఫ్రెంచివారు దానిని విడిచి పట్టణములోనికి తగ్గిరి. అది మొదలు అక్టోబరు వఱకు పుదుచ్చేరి ముట్టడిలో చిక్కి యుండెను. ఆ ముట్టడి దినములలోనే పట్టణము నడుమ జరిగిన యొక సంఘటనము, చరిత్రకారులు పెక్కురు రెండు పంక్తులలో దాటిపోవునంతటి చిన్నదయ్యును, ఇస్లాము ధర్మమునందు పాలకుని తప్పును తప్పని చెప్పవలసిన బాధ్యతనుగూర్చియు, ఆ బాధ్యతకుగల మేరలనుగూర్చియు ఆలోచించువారికి మిక్కిలి విలువైనదని నా నమ్మకము.

ఆ సెప్టెంబరులో, జెసూటు పాదరీల దేవాలయము ప్రక్కనే యున్న వేదపురీశ్వరుని యాలయమును ఫ్రెంచి ప్రభుత్వము పడగొట్టించెను. పాదరీలు చిరకాలముగా కోరుచుండిన పనియే అది; డూప్లే భార్య పట్టుదల దానికి తోడయ్యెను; ముట్టడికాలపు కలవరము అవకాశము నిచ్చెను. అప్పుడు గవర్నరునకు ప్రధాన దుబాసీగా నున్న ఆనందరంగపిళ్ళ, కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందమునకు కృతిపతియగుటచే మన తెలుగువారికి పరాయివాడు గానివాడు, ఈ వృత్తాంతమును తన తమిళ దినచర్యలో వ్రాసియుంచెను. ఆలయము కూలుచుండగా ఊరి హిందువులు దుఃఖించిరి, గుంపులు గూడిరి, మొఱపెట్టుకొనిరి. అంతకు మించి చేయజాలకపోయిరి. పిళ్ళ తన వేదనను కాగితమునకు చెప్పుకొనెను. అటుపిమ్మట మసీదు వంతు వచ్చెను. మసీదునుగూడ పడగొట్టవలసినదని ఉత్తరువు వెలువడినంతనే, ఫ్రెంచివారి సిపాయిలకు నాయకుడైన అబ్దుల్ రహమాన్ నేరుగా డూప్లే కడకు పోయి, ఆ పని జరిగినచో సిపాయి యొక్కడును కొలువున నిలువడనియు, పడగొట్టవచ్చినవారిపై బడి తమ ప్రాణములనైన విడుతురుగాని ఊరకుండరనియు ముఖాముఖిగా చెప్పెను. డూప్లే ఉత్తరువును వెనుకకు దీసికొనెను.

అబ్దుల్ రహమాన్ ఆ ప్రభుత్వపు జీతము తినుచున్నవాడు. శత్రువు వాకిట నిలిచియున్న వేళ ఏలికతో కాదని చెప్పినవాడు. అతడు చేసినది ద్రోహమా, ధర్మమా అను ప్రశ్నకు మనకు తోచినట్లు బదులు చెప్పుటకంటె, అతని మతమే ఈ విషయమున ఏమని బోధించుచున్నదో విచారించుట న్యాయము.

దుర్మార్గుడైన పాలకుని సమక్షమున పలికిన న్యాయవాక్యము జిహాదులలోనెల్ల శ్రేష్ఠమైనదని ప్రవక్త ముహమ్మదు చెప్పినట్లు, ఆయన సహచరుడైన అబూ సయీద్ అల్ ఖుద్రీ మూలమున హదీసు గ్రంథములలోని కెక్కినది. చెడుగును కన్నులారజూచినవాడు దానిని చేతితో మార్చవలెననియు, చేతగానిచో నాలుకతో మార్చవలెననియు, అదియు శక్యముగానిచో మనస్సునందైన దానిని అసహ్యించుకొనవలెననియు, ఈ కడపటిది విశ్వాసమున కెల్ల బలహీనమైన మెట్టనియు చెప్పు ప్రసిద్ధ హదీసునుగూడ లోకమున కందించినవాడు ఈ అబూ సయీదే. ఆయన దానిని ఏ సందర్భమున బయటపెట్టెనో తెలిసికొన్నచో దాని యర్థము మఱింత స్పష్టమగును. ఉమయ్యద్ వంశీయుడైన మర్వాన్ మదీనాకు అధికారిగా నుండిన కాలమున, పండుగనాడు నమాజునకు ముందే ఖుత్బా ప్రసంగము ప్రారంభించెను. నమాజు ముందు, ప్రసంగము తరువాత అనునది ప్రవక్తనాటి మర్యాద. సభలోనుండి ఒక మనుష్యుడు లేచి, నమాజు ముందు జరుగవలెనుగదా యని అడిగెను. ఆ పద్ధతి విడువబడినదని మర్వాన్ త్రోసిపుచ్చెను. అప్పుడు అబూ సయీద్, ఈతడు తన బాధ్యతను తాను నెరవేర్చెనని పలికి, తాను ప్రవక్తవలన వినిన ఆ హదీసును చెప్పెను. అడిగినవాని పేరును ఆ కథనము చెప్పదు. అధికారము గలవాని పొరపాటును నలుగురిలో, ఈద్ సమావేశములో, ఒక సామాన్యుడు ఎత్తిచూపిన ఘట్టమున ఆ హదీసు ప్రమాణముగా నిలిచెనను సంగతిని, దానిని కేవలము ఇరుగుపొరుగువారి దురభ్యాసములను దిద్దుటకు వాడుకొనువారు మఱచుచుందురు.

ప్రవక్త నిర్యాణానంతరము 632లో ప్రథమ ఖలీఫాయైన అబూబక్ర్, తాను ప్రజలలో ఉత్తముడనని భావింపవలదనియు, సరిగా నడచినచో తోడ్పడుడనియు, వంకర నడచినచో తనను సరిదిద్దుడనియు, దైవమునకు తాను విధేయుడైనంతవఱకే తనకు విధేయులు కండనియు పదవి చేపట్టిన దినముననే ప్రకటించెను. ఇంకొకటి. ప్రవక్తయే ఒకప్పుడు ఒకనికి ఒక యొంటె బాకీ పడియుండగా, ఆ ఋణదాత వచ్చి మోటుగా మాటలాడెను. సహచరులు వానిని దండింపబోగా, హక్కుగలవానికి మాట్లాడు హక్కును గలదని వారించి, వాని యొంటెకంటె మంచి యొంటెను ఇప్పించెను. మదీనాయందు ఆయన ప్రవక్త మాత్రమే కాదు, పాలకుడును. పాలకుని మొగముమీద తన బాకీ నడుగుటకు వచ్చినవాడు మర్యాద దప్పినను, వాని మర్యాదలోపముకంటె వాని బాకీయే ముందు విచారింపదగినదని తీర్పు చెప్పిన ఈ చిన్న కథను, పౌరుల ఆక్రోశమును భాషాదోషములు పట్టి కొట్టివేయు మహనీయులందఱకు చదివి వినిపింపవలెనని నాకు పలుమాఱు తోచును.

ఐనను ఇస్లాము సంప్రదాయమున రెండవ ధార యొకటి కలదు. దానిని తక్కువచేసి చెప్పుట అన్యాయము. దైవమునకును ప్రవక్తకును మీలో అధికారము గలవారికిని విధేయులు కండని ఖురాను నాలుగవ సూరా ఆజ్ఞాపించుచున్నది. పాలకునకు హితము చెప్పదలచినవాడు బాహాటముగా చెప్పక, అతని చేయి పట్టుకొని ఏకాంతమునకు దీసికొనిపోయి చెప్పవలెననియు, వినినచో మేలనియు, వినకున్నచో చెప్పినవాడు తన బాధ్యతను తీర్చుకొన్నవాడేయనియు ఒక హదీసు కలదు. దాని ప్రామాణ్యమునుగూర్చి హదీసు శాస్త్రజ్ఞులలో వాదములున్నను, దానిని శిరసావహించినవారు పెక్కురు. మూడవ ఖలీఫా ఉస్మాన్ కాలమున అసంతృప్తి రగులుచుండగా, ఆయనతో మాటలాడవేమని జనులు ఉసామా బిన్ జైదును నిలదీసిరి. తాను మాటలాడుచునే యున్నాననియు, మీ చెవిని బడునట్లు మాటలాడలేదు గనుక మాటలాడలేదనుకొనుచున్నారనియు, అల్లకల్లోలపు వాకిలి తెఱచిన మొదటివాడు తాను కాదలచుకొనలేదనియు ఆయన బదులిచ్చెను. అటుపిమ్మట 656లో ఉస్మాన్ తన ఇంటిలోనే హత్య చేయబడుటయు, ముస్లిములు ముస్లిములపై కత్తి దూయుటయు చూచినవారి సంతతికి ఫిత్నా, అనగా అంతఃకలహము, అను మాట వినినంతనే గుండె జలదరించెను. ఆ భయము పిఱికితనము కాదు. నెత్తురు ప్రవహించిన వీథులనుండి పుట్టిన వివేకమది. మూసా ప్రవక్తను ఫిరౌను కడకు పంపునప్పుడుగూడ, అంతటి దుర్మార్గునితోనైనను మృదువుగా మాటలాడుమని దైవము ఆదేశించినట్లు ఖురాను ఇరువదవ సూరా చెప్పుచున్నది.

ఈ రెండు ధారలును ఒక్క మనుష్యునియందు సంగమించిన తీరు చూడవలెనన్న ఇమాము అహ్మద్ బిన్ హంబల్ చరిత్ర చదువవలెను. 833లో ఖలీఫా మామూన్ ఒక సిద్ధాంతమును పండితులందఱిపై బలాత్కారముగా రుద్దబూనగా, అహ్మద్ అంగీకరింపడయ్యెను. తరువాతి ఖలీఫా ముఅతసిం ఆయనను చెఱనుంచి కొరడాలతో కొట్టించెను. అయినను ఆయన తాను నమ్మని మాట పలుకడాయెను. అటువంటివాడే, తరువాత వాసిఖ్ ఖలీఫా కాలమున బాగ్దాదు పండితులు కొందఱు తిరుగుబాటు చేయుదమని తన కడకు రాగా, వలదని గట్టిగా నివారించి, ముస్లిముల రక్తము చిందింపవలదని బోధించెను. వీపుమీద కొరడా దెబ్బలు తినినవాడు కత్తి దూయవలదనుట లోకమున కరుదు. ఆయన దృష్టిలో పాలకుని మాటకు తలయూపకుండుట వేఱు, పాలకునిపై సైన్యము నడుపుట వేఱు. మొదటిదానికి తన దేహమే మూల్యము, రెండవదానికి ఇతరుల దేహములు మూల్యము.

1111లో దివంగతుడైన ఇమాము గజాలీ ఈ భేదమును శాస్త్రముగా నిర్మించెను. తన మహాగ్రంథమైన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో, మంచిని ఆజ్ఞాపించి చెడును నివారించుటకుగల మెట్లను వర్ణించుచు, పాలకుల విషయమున ప్రజలకు తెలియజెప్పుటయు, హితబోధ చేయుటయు తగినవనియు, బలప్రయోగము తగదనియు ఆయన నిర్ణయించెను. మఱి పరుషవాక్యముల మాటయేమి? ఇచ్చట గజాలీ సూక్ష్మదృష్టి అద్భుతమైనది: కఠినముగా పలుకుటవలన కీడు ఇతరులకు వ్యాపించునట్లున్నచో అది కూడదు, ఆ కీడు తన యొక్కని తలపైననే పడునట్లున్నచో కూడును, కూడుటయేగాదు, ప్రశంసనీయమును. మాట మెత్తనిదా గట్టిదా అను ప్రశ్ననుండి, ఆ మాట వెల ఎవరు చెల్లింతురను ప్రశ్నకు ఆయన మన బుద్ధిని మరలించెను.

నా మట్టుకు, రహస్యముగా చెప్పుటా, బహిరంగముగా చెప్పుటా అను వివాదమున ఒక విభాగము అవసరమని తోచుచున్నది. పాలకుని సొంత పాపము, అనగా అతని పానము, అతని అంతఃపురము, అతని నమాజు లోపములు, ఇవి అతనికిని దైవమునకును నడుమనుండునవి. వానిని బజారున బెట్టుట గీబత్ అగును. ఖురాను నలువది తొమ్మిదవ సూరా అట్టి పరోక్షనిందను చచ్చిన సోదరుని మాంసము తినుటతో పోల్చినది. కాని పాలకుడు ప్రజలకు చేసిన అన్యాయము అతని సొత్తు కాదు. దానికి బాధితులున్నారు. అన్యాయమునకు గుఱియైనవాడు తప్ప ఇతరులు చెడుమాటను బిగ్గఱగా పలుకుట దైవమునకు నచ్చదని నాలుగవ సూరాలోనే యున్నది; ఆ మినహాయింపు మిక్కిలి పెద్దది. దోపిడి పట్టపగలు జరుగగా మందలింపు మాత్రము పరదా చాటున జరిగినచో, దోపిడికి గుఱియైనవాడు తన పక్షమున మాటలాడినవారు లోకమున లేరనుకొని నిరాశచేతనే చచ్చును. పైగా, చేయి పట్టుకొని ఏకాంతమునకు దీసికొనిపోవుటకు ఆ చేయి అందవలెను గదా. కోటగుమ్మము దాటి లోనికి పోగలవానికి ఆ మర్యాద వర్తించును. గుమ్మము వెలుపల నిలిచిన రైతునకును, పత్రికా రచయితకును బిగ్గఱగా పలుకుటయే శరణ్యము.

లోనికి పోగలిగినవాడు ఎట్లు పలుకవలెనో చరిత్రకారుడైన బరనీ గ్రంథములోని ఖాజీ ముగీసుద్దీన్ కథ చెప్పును. ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖల్జీ, తాను సుల్తాను కాకపూర్వము దేవగిరినుండి కొల్లగొట్టి తెచ్చిన ధనము తన సొంతమా, ప్రజల ఖజానాదా యని ఆయన నడిగెను. మన దక్కను సొమ్మే అది. ఖాజీ తన చావు దగ్గఱకు వచ్చినదని తలచుచునే, సైన్యబలముతో వచ్చినది గనుక అది సుల్తానుది కాదు, ఖజానాది యని చెప్పెను. సుల్తాను ఆగ్రహించెను, శాస్త్రమేమనునో తానెఱుగననియు, రాజ్యమునకు మేలని తోచినది చేయుదుననియు పలికెను, కాని చంపలేదు, మఱునాడు బహుమానములిచ్చి పంపెను. అడిగినప్పుడు అబద్ధమాడకుండుట ఖాజీ ధర్మము. అడుగనివారికి చెప్పవలసివచ్చిన కాలములో ఏమగునో తెలియుటకు మనము హైదరాబాదునకు పోవలెను.

వేదపురీశ్వరాలయము కూలిన సంవత్సరమునకు సరిగా రెండువందల యేండ్లకు, 1948 ఆగస్టు 22వ తేదీ తొలిజామున, హైదరాబాదు నగరమున ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడైన షోయబుల్లాఖాన్ ప్రాణములు విడిచెను. ఆయన ఖమ్మము ప్రాంతపు సుబ్రవేడు గ్రామమున 1920లో జన్మించినవాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్ పత్రికలో పనిచేసి, నిజాము ప్రభుత్వము దానిని మూయించిన పిదప, బూర్గుల రామకృష్ణారావు మొదలగువారి సాయముతో 1947 నవంబరు 15న ఇమ్రోజును ప్రారంభించెను. ఆ దినములలో నిజాము సంస్థానము ఎట్లుండెనో తెలుగు పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు పల్లెలపై బడి కాల్చుచు దోచుచుండిరి. ప్రభుత్వము చూచుచు మిన్నకుండెను. పగలొక ప్రభుత్వము, రాత్రి యొక ప్రభుత్వము నడచుచున్నదని షోయబుల్లాఖాన్ సంపాదకీయము వ్రాసెను. రజాకార్ల దళములను రద్దుచేయవలెననియు, భారత యూనియనులో చేరవలెననియు హైదరాబాదు ముస్లిము ప్రముఖులు ఏడుగురు ఆగస్టులో చేసిన ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించెను. ఇస్లాము ప్రయోజనములకు ఎదురెత్తిన చేతులను నఱికివేయవలెనని రజ్వీ బహిరంగసభలో గర్జించెను. ఆగస్టు 21వ తేదీ అర్ధరాత్రి, బావమఱది ఇస్మాయిల్‌ఖానుతో కలిసి పత్రిక కార్యాలయమునుండి కాచిగూడ ప్రాంతములోని తన ఇంటికి మరలుచుండగా, దుండగులు ఆయనను కాల్చిరి, వ్రాసిన చేతిని నఱికిరి. ఇస్మాయిల్‌ఖానును చేతిని పోగొట్టుకొనెను.

ఇచ్చట ఒక సిద్ధాంత విషయము గమనింపదగియున్నది. రజాకార్లకు మాతృసంస్థయైన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఆ కాలమున అనల్ మాలిక్ అను నినాదమును ప్రచారము చేసెను. అనగా సంస్థానములోని ప్రతి ముస్లిమును రాజ్యాధికారమున భాగస్వామి యనియు, నిజాము ఆ సమష్టి ప్రభుత్వమునకు చిహ్నమనియు దాని తాత్పర్యము. బీద ముస్లిమునకు ఇది గౌరవము నిచ్చు మాటగా తోచియుండవచ్చును. దాని ఫలితము మాత్రము విమర్శకు ఉరిత్రాడు. పాలకుడే సమాజమైనప్పుడు పాలకుని తప్పు పట్టుట సమాజద్రోహ మగును. ద్రోహికి శిక్ష చేయి నఱకుట. అబూబక్ర్ తనను సరిదిద్దుడని కోరగలిగెనన్న, ఆయన తనను సమాజముతో ఏకము చేసికొనకుండుటయే దానికి కారణము. పాలకుడు వేఱు, ధర్మము వేఱు, ఆ రెంటికిని నడుమ దూరము పడవచ్చునని ఒప్పుకొన్నచోటనే విమర్శకు తావు కలదు. నాలుగవ సూరా విధేయతను చెప్పిన వాక్యమే, వివాదము పుట్టినప్పుడు దానిని దైవమునకును ప్రవక్తకును నివేదింపుడని ముగియుచున్నది. పాలకునకు నివేదింపుడని ముగియుటలేదు.

అబ్దుల్ రహమానును షోయబుల్లాఖానును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో నాకు కనబడునది ఇది. అబ్దుల్ రహమాన్ చేసినది న్యాయమే. అతడు చాటున తిరుగుబాటు రేపలేదు, మసీదు కూలిన తరువాత పగ దీర్చుకొనలేదు, ముందుగా ఏలిక యెదుటికి పోయి జరుగబోవునది చెప్పెను. కాని అతని మాట వెనుక సిపాయిల తుపాకులుండెను. ముట్టడిలో వారు లేక డూప్లేకు గడువదు. అంతేగాక అతడు పలికినది తన వారి ప్రార్థనాస్థలము కొఱకు. నిన్న కూలిన వేదపురీశ్వరుని కొఱకు కాదు. దీనిని నింద యనుకొనవలదు. తన ఇల్లు అంటుకొన్నప్పుడు నీళ్ళు చల్లుట ధర్మమే. షోయబుల్లాఖాన్ వెనుక ఏ సైన్యమును లేదు. ఆయన మాట తన వారి కొఱకు కాక, తన వారి పేరుతో పీడింపబడుచున్న యితరుల కొఱకు. న్యాయమునకు సాక్షులుగా నిలువుడు, ఆ సాక్ష్యము మీకును మీ తల్లిదండ్రులకును బంధువులకును విరుద్ధమైనను సరే యని ఖురాను నాలుగవ సూరా చేసిన శాసనమును, మన తెలుగునేలపై, అంత సంపూర్ణముగా ఆచరించిన ముస్లిములలో ఆయనను మొదటి వరుసలో నిలుపుదును. ఆయనను జాతీయవాది యని, దేశభక్తుడని మనము కీర్తించుట యుక్తమే. ఆయన ఇస్లాము ధర్మము ననుసరించి మరణించినవాడని చెప్పుటయు అంతకంటె తక్కువ సత్యము కాదు. ఆ కీర్తిని రజ్వీ పక్షమునకు వదలి, ఇస్లామును వారి సొత్తుగా ఒప్పుకొనుట చరిత్రకు ద్రోహము.

ఇక గజాలీ ప్రశ్న మిగిలియున్నది. నన్ను చాలకాలము బాధించిన ప్రశ్న అది. కీడు తనకు మాత్రమే పరిమితమైనప్పుడే పరుషవాక్యము ప్రశంసనీయమని ఆయన చెప్పెను. బంధువులకు, సహచరులకు ఆపద గలుగునట్లున్నచో విరమింపవలెనని ఆయన మతము. షోయబుల్లాఖానుకు తల్లిదండ్రులుండిరి, భార్య యుండెను. ప్రక్కన నడచుచుండిన ఇస్మాయిల్‌ఖాన్ చేయి తెగెను. బెదిరింపులు ముందే వచ్చియున్నవి. మఱి గజాలీ ఇమ్రోజును మూసివేయుమని తీర్పు చెప్పియుండునా? గజాలీ వాక్యమును అక్షరముగా పట్టుకొన్నవారు అవునందురు. నేను కాదందును. ఆయన లెక్కించినది, మాట పలుకకున్నచో కలుగని కీడును, పలుకుటవలన క్రొత్తగా పుట్టు కీడును. ఆనాటి తెలంగాణమున మౌనము ఎవరిని కాపాడెను? పల్లెలు కాలుచునే యుండెను. ముస్లిములలో నోరు గలవారు నోరు మూసికొన్నకొలది, రజాకార్ల చేతలు సర్వముస్లిముల చేతలుగా లోకమునకు కనబడసాగెను. దాని ప్రతీకారము రేపు అమాయకులైన ముస్లిము కుటుంబములపై పడబోవునను సంగతి దూరదృష్టి గలవారికి అప్పుడే తెలియుచుండెను. బంధువులను కాపాడుటకు మౌనము వహింపుమన్న సూత్రమునే పట్టుకొని చూచినను, సమాజమనెడి పెద్ద కుటుంబమును కాపాడుటకు అప్పుడు పలుకవలసియుండెను. ఐనను ఇస్మాయిల్‌ఖాన్ చేతి లెక్క దీనితో తీరునని నేను చెప్పజాలను. బావ వ్రాసిన మాటకు బావమఱది వెల చెల్లించెను. తెలిసియే ఆ రాత్రి వెంట నడచెను గనుక ఆతని త్యాగము ఆతనిదే యనుట మాత్రము న్యాయము.

విమర్శకునకు గల ఇతర నియమములనుగూర్చి విస్తరింపనక్కఱలేదు. ఎవడైన వార్త తెచ్చినచో విచారించి నిశ్చయించుకొనుడు, లేనిచో తెలియక ఒక జనసమూహమునకు హానిచేసి పిదప పశ్చాత్తాపపడుదురని ఖురాను చెప్పిన హెచ్చరిక, అచ్చుయంత్రము పుట్టిన పిదపను, అఱచేతిలోనుండియే వార్త క్షణములో లోకమంతట ప్రాకు నేటి దినములలోను నూఱింతలు వర్తించును. అబద్ధముతో దుర్మార్గుని దూషించినను అబద్ధమబద్ధమే.

1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు భారతసైన్యము జరిపిన పోలీసు చర్యతో నిజాము పాలన ముగిసెను. రజ్వీ నిర్బంధింపబడి 1957 వఱకు చెఱనుండి, పిదప పాకిస్తానునకు పోయెను. సత్యవాక్యపు కథ ఇంతటితో ముగిసినదని చెప్పి సంతోషించువారున్నారు. కాని పాలకుడు మాఱెను గాని బాధ్యత మాఱలేదు. పోలీసు చర్య వెంట, ముఖ్యముగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై ఘోరమైన హత్యాకాండ జరిగెను. దానిని విచారించుటకు నెహ్రూ ప్రభుత్వము పండిత సుందర్‌లాలును, హైదరాబాదున పయాం పత్రిక నడిపిన ఖాజీ అబ్దుల్ గఫారును మొదలగువారిని పంపగా, వారు ఆ సంవత్సరాంతమున పల్లెపల్లె తిరిగి, మిక్కిలి తగ్గించి చెప్పినను ఇరువదియేడువేలనుండి నలువదివేలవఱకు ప్రాణములు పోయినవని నివేదిక సమర్పించిరి. కొన్ని చోట్ల హిందువులు తమ ప్రాణములకు తెగించి పొరుగు ముస్లిములను కాపాడిరనియు వారు వ్రాసిరి. గాంధీ శిష్యుడైన సుందర్‌లాల్ తన వారి ప్రభుత్వమునకు, తన వారినిగూర్చి చెప్పిన సాక్ష్యమది. ఇమ్రోజ్ సంపాదకుడు తన వారినిగూర్చి చెప్పిన సాక్ష్యమునకు అది సోదరము.

కాని ఈ సాక్ష్యము ఏకాంతమున చెప్పబడినది. పాలకుని చేయి పట్టుకొని పరదా చాటున చెప్పిన హితమునకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు: చెప్పినవారు యోగ్యులు, వినినవారు దుర్మార్గులు కారు, భాష మృదువు, సంఖ్యలు సరిచూచినవి. ఫలితముగా ఆ నివేదిక అరువది యేండ్లకు పైగా ప్రజలకు అందకుండ ప్రభుత్వపు పెట్టెలలో నుండెను. అది బయటపడినచో క్రొత్త మంటలు లేచునని భయపడినవారి భయము ఉసామా భయము వంటిదే, దానిని నేను తేలికగా కొట్టివేయను. దేశవిభజన నెత్తురు ఇంకను తడి యాఱని దినములవి. అయితే ఒకటి రెండు సంవత్సరములు ఆగుట వేఱు, ఒక తరము గడచుట వేఱు. మంట చల్లారిన పిదపనైన ఆ నివేదికను వ్రాసినవారు దానిని తామే అచ్చువేయించవలసియుండెననియు, ప్రభుత్వపు అనుమతికొఱకు కనిపెట్టుకొనియుండుట వారి బాధ్యతలో భాగము కాదనియు నా నిశ్చయము. పాలకునకు చెప్పవలసినది వారు చెప్పిరి; ఆ నాలుగు జిల్లాలలో భర్తలను కుమారులను పోగొట్టుకొన్న స్త్రీలు, తమకు జరిగినది జరిగినదని ప్రభుత్వము పంపిన పెద్దమనుష్యులే సంతకము చేసి యొప్పుకొనిరను మాటను తమ జీవితకాలమున వినవలసియుండెను; వారిలో పెక్కుమంది అది వినకుండగనే పోయిరి.